రద్దు బటన్ నొక్కితే అసలేం జరుగుతుంది?

ఒక వెబ్‌సైట్‌లో చిరునామా మార్చుకునే ఫారం ఉందనుకుందాం. పేరు, ఇంటి నంబరు, ఊరు, పిన్‌కోడ్, కింద రెండు బటన్లు: ‘సేవ్’, ‘రద్దు’. ఫారం తెరిచిన మనిషి రెండు గడులు నింపాక మనసు మార్చుకుని రద్దు నొక్కాడు. పేజీ కదల్లేదు. పిన్‌కోడ్ గడి ఎర్రబడి ‘ఈ వివరం తప్పనిసరి’ అంది. వద్దని వెళ్ళిపోతున్న మనిషిని ఆపి, పిన్‌కోడ్ ఇచ్చి మరీ వెళ్ళమంటోంది ఆ ఫారం. ఇంకో సైట్‌లో ఇంతకంటే ఘోరం జరగొచ్చు. రద్దు నొక్కినా సగం నింపిన చిరునామా సేవ్ అయిపోతుంది, ఆ సంగతి పార్శిల్ వేరే ఇంటికి వెళ్ళినప్పుడు గానీ తెలియదు.

ఈ రెండు తప్పులకూ మూలం ఒకటే. ఫారం కట్టేటప్పుడు సబ్మిట్ (నింపిన వివరాలను సర్వర్‌కి పంపడం) గురించి డెవలపర్లు చాలాసేపు ఆలోచిస్తారు. ఏ గడి తప్పనిసరి, ఏ నంబరుకు ఎన్ని అంకెలు, సేవ్ అయ్యాక ఏ పేజీకి పంపాలి, ఇవన్నీ ముందే రాసిపెట్టుకుంటారు. రద్దు దగ్గరికి వచ్చేసరికి ‘ఏమీ చేయకపోవడమే కదా’ అనుకుని చివర్లో ఒక బటన్ తగిలిస్తారు. కానీ బ్రౌజర్‌కి ‘ఏమీ చేయకపోవడం’ అనే పని తెలియదు. నొక్కిన ప్రతి బటనూ దానికి ఒక ఈవెంటే, అంటే స్పందించాల్సిన సంఘటనే. సబ్మిట్ ఎంత ఆదేశమో రద్దు కూడా అంతే ఆదేశం. దానికంటూ ఒక దారి వేయకపోతే, అది సబ్మిట్ కోసం వేసిన దారిలోనే నడిచిపోతుంది.

బ్రౌజర్ ముందే రాసిపెట్టుకున్న నియమాలు

ఫ్రేమ్‌వర్క్ (సైట్లు కట్టడానికి డెవలపర్లు వాడే సిద్ధమైన కోడ్ చట్రం) ఏదైనా, దాని కింద ఉన్నది బ్రౌజర్. అందుకే ముందు, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ నియమాల సంగతి తేల్చుకోవాలి. ఫారం లోపల ఒక బటన్ పెట్టి, దాని టైప్ ఏమిటో చెప్పకపోతే బ్రౌజర్ దాన్ని సబ్మిట్ బటన్‌గానే లెక్కేస్తుంది. పైన చెప్పిన పిన్‌కోడ్ గొడవకి అసలు కారణం చాలాసార్లు ఈ ఒక్క మాటే. డెవలపర్ రద్దు బటన్‌కి టైప్ ‘బటన్’ అని రాయడం మర్చిపోయాడు. బటన్ నొక్కినప్పుడు నడిచే క్లిక్ హ్యాండ్లర్‌లో ఏ కోడ్ రాసుకున్నా, ప్రత్యేకంగా ఆపమని చెప్పకపోతే, అది అయ్యాక బ్రౌజర్ తన అలవాటు ప్రకారం ఫారాన్ని సబ్మిట్ చేయబోతుంది. ముందుగా తప్పనిసరి గడులు చూస్తుంది, పిన్‌కోడ్ ఖాళీగా కనబడి అక్కడే ఆగిపోతుంది. ఆ గడి తప్పనిసరి కాకపోయి ఉంటే ఫారం నేరుగా సర్వర్‌కి వెళ్ళిపోయేది. రెండో సైట్‌లో జరిగింది అదే.

ఎంటర్ కీ సంగతి ఇంకా సూక్ష్మం. టెక్స్ట్ గడిలో ఉండగా ఎంటర్ నొక్కితే, ఆ ఫారంలో వరసలో మొదట కనబడే సబ్మిట్ బటన్‌ని బ్రౌజర్ తానే నొక్కుతుంది. మొదట అంటే తెర మీద కనబడే వరస కాదు, కోడ్‌లో రాసిన వరస. డిజైనర్ రద్దుని ఎడమ పక్కన, సేవ్‌ని కుడి పక్కన గీశాడని డెవలపర్ కూడా అదే వరసలో రాశాడనుకుందాం. రద్దు కూడా సబ్మిట్ రకం బటనే అయితే, అన్నీ శ్రద్ధగా నింపి ఎంటర్ నొక్కిన మనిషి పని రద్దయిపోతుంది. అతను రద్దు బటన్ ముట్టుకోనే లేదు. మౌస్‌తో మాత్రమే పరీక్షించే టీమ్‌కి ఈ తప్పు ఎప్పటికీ కనబడదు. కోడ్‌లో సేవ్‌ని ముందు రాసి, తెర మీద స్థానాలు పేజీ రూపం దిద్దే సీఎస్‌ఎస్‌తో మార్చడం ఒక ఉపాయంగా కనిపిస్తుంది గానీ, అప్పుడు ట్యాబ్ కీతో కదిలేవాళ్ళకి వరస తలకిందులవుతుంది. మామూలు ఫారాల్లో రద్దుని సబ్మిట్ రకంలో పెట్టకపోవడమే సరైన మందు.

రెండు మూడు సబ్మిట్ బటన్లు నిజంగా అవసరమయ్యే ఫారాలూ ఉంటాయి. అప్పుడు బ్రౌజర్ ఒక మంచి పని చేస్తుంది. ఏ బటన్ నొక్కారో దాని పేరునూ విలువనూ మాత్రమే మిగతా వివరాలతో కలిపి పంపుతుంది, నొక్కని బటన్ల పేర్లు వెళ్ళవు. జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ అడ్మిన్ పేజీలో ‘సేవ్ చేయి’, ‘సేవ్ చేసి ఇంకొకటి చేర్చు’, ‘సేవ్ చేసి ఎడిటింగ్ కొనసాగించు’ అనే మూడు బటన్లకు వేర్వేరు పేర్లు ఉండేది ఇందుకే. వచ్చిన పేరు చూసి తర్వాత ఏ పేజీకి పంపాలో సర్వర్ నిర్ణయించుకుంటుంది. బ్రౌజర్ లోపల నడిచే జావాస్క్రిప్ట్ కోడ్‌లోనూ సబ్మిట్ ఈవెంట్ వెంట ‘సబ్మిటర్’ అనే వివరం వస్తుంది, ఫారాన్ని కదిలించిన బటన్ ఏదో అది చెబుతుంది.

ఇక్కడే ఒక పాత ఉచ్చు ఉంది. రెండుసార్లు నొక్కకుండా ఉండాలని, నొక్కిన వెంటనే బటన్‌ని డిసేబుల్ చేయడం అందరికీ అలవాటు. ఆ పని క్లిక్ హ్యాండ్లర్‌లో చేస్తే ఫారం అసలు వెళ్ళదు, ఎందుకంటే డిసేబుల్ అయిన బటన్‌కి సబ్మిట్ చేసే అధికారం ఉండదు. సబ్మిట్ హ్యాండ్లర్‌లో చేస్తే ఫారం వెళుతుంది గానీ ఆ బటన్ పేరు వెళ్ళదు, ఎందుకంటే డిసేబుల్ అయిన వేటినీ బ్రౌజర్ డేటాలో కలపదు. పేరు చూసి దారి ఎంచుకునే సర్వర్‌కి అప్పుడు ఏ దారీ కనబడదు. బటన్‌ని అలాగే ఉంచి, ‘ఇప్పటికే పంపాం’ అనే గుర్తు ఒకటి కోడ్‌లో పెట్టుకుని రెండో సబ్మిట్‌ని ఆపడం నయం.

జావాస్క్రిప్ట్ నుంచి ఫారాన్ని పంపడానికి రెండు పద్ధతులున్నాయి. పాతదైన ‘సబ్మిట్’ ఫంక్షన్ పిలిస్తే బ్రౌజర్ తనిఖీలు జరగవు, సబ్మిట్ ఈవెంటూ పుట్టదు. హ్యాండ్లర్‌లో ఎంత జాగ్రత్తగా రాసుకున్నా అది నడవదు. కొత్తదైన ‘రిక్వెస్ట్ సబ్మిట్’ మాత్రం మనిషి బటన్ నొక్కినట్టే ప్రవర్తిస్తుంది, తనిఖీలూ ఈవెంటూ అన్నీ జరుగుతాయి. క్రోమ్‌లో ఇది 2019లో, సఫారీలో 2022లో వచ్చింది. అందుకే పాత కోడ్‌లో ఇంకా మొదటిదే ఎక్కువ కనిపిస్తుంది.

రీసెట్ బటన్ గురించి ఒక్క మాట చాలు. అది గడులన్నిటినీ పేజీ తెరిచినప్పటి విలువలకు తీసుకెళుతుంది. మనిషిని ఎక్కడికీ తీసుకెళ్ళదు. దాన్ని రద్దు బటన్‌గా వాడటం తప్పు. పొరపాటున నొక్కితే పదిహేను నిమిషాల టైపింగ్ ఒక్క క్షణంలో పోతుంది, వెనక్కి తెచ్చుకునే దారి కూడా ఉండదు.

స్ట్రట్స్ కథ

రద్దుని తేలిగ్గా తీసుకుంటే ఎంత దూరం వెళుతుందో చెప్పే గట్టి ఉదాహరణ జావా ప్రపంచంలో ఉంది. క్రెయిగ్ మెక్‌క్లానహన్ 2000లో మొదలుపెట్టిన అపాచీ స్ట్రట్స్, ఆ దశాబ్దంలో జావా వెబ్ అప్లికేషన్లకు దాదాపు అలవాటైన ఫ్రేమ్‌వర్క్. హైదరాబాద్ అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో జావా నేర్చుకున్న ఒక తరం మొత్తానికి ఈ పేరు తెలుసు.

స్ట్రట్స్ రూపకర్తలు రద్దు గురించి ఆలోచించారు, అది మెచ్చుకోవాల్సిన విషయం. రద్దు బటన్ కోసం ప్రత్యేకంగా ఒక ట్యాగ్ ఇచ్చారు. ఆ ట్యాగ్ పేజీలో ఒక సబ్మిట్ బటన్‌గా మారేది, దానికి ఫ్రేమ్‌వర్క్ నిర్ణయించిన ఒక స్థిరమైన పేరు ఉండేది. సర్వర్‌కి వచ్చిన రిక్వెస్ట్‌లో ఆ పేరు కనబడితే ‘ఓహో, మనిషి రద్దు నొక్కాడు’ అని ఫ్రేమ్‌వర్క్ గుర్తుపట్టి వాలిడేషన్ (గడుల తనిఖీ) వదిలేసేది. వెళ్ళిపోయేవాణ్ణి పిన్‌కోడ్ అడగకూడదు కదా. తర్వాత ఎప్పటిలాగే, ఆ ఫారం పని చేసేందుకు డెవలపర్ రాసిన యాక్షన్ క్లాసుని పిలిచేది. ‘ఇది రద్దు చేసిన రిక్వెస్టా?’ అని చూసుకునే బాధ్యత ఆ యాక్షన్‌దే. దానికి ‘ఈజ్ క్యాన్సిల్డ్’ అనే ఫంక్షన్ కూడా ఇచ్చారు.

లోపం ఎక్కడుందో ఇప్పుడు చూడవచ్చు. రద్దు బటనే లేని ఫారాలు ఒక అప్లికేషన్‌లో ఎన్నో ఉంటాయి. వాటి యాక్షన్లలో ‘రద్దా?’ అని చూసే కోడ్ ఎవరూ రాయరు, రాయడానికి కారణమే కనబడదు. కానీ ఆ స్థిరమైన పేరు అందరికీ తెలిసినదే. ఎవరైనా కావాలని ఆ పేరుని రిక్వెస్ట్‌కి తగిలించి పంపితే ఫ్రేమ్‌వర్క్ వాలిడేషన్‌ని పక్కన పెట్టేస్తుంది, యాక్షన్ మాత్రం మామూలు సబ్మిట్ అనుకుని డేటాని సేవ్ చేసేస్తుంది. తనిఖీలన్నిటినీ దాటే దొంగ తాళం చెవిని రద్దు బటనే చేతికిచ్చినట్టయింది. ఈ లోపం భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2006-1546 అనే నంబరుతో నమోదైంది. 2006లో వచ్చిన 1.2.9 వెర్షన్‌లో దీన్ని సరిచేశారు. అప్పటి నుంచి ఏ యాక్షన్ రద్దుకి ఒప్పుకుంటుందో కాన్ఫిగరేషన్‌లో స్పష్టంగా రాయాలి. అలా రాయని చోట రద్దు గుర్తు వస్తే ఫ్రేమ్‌వర్క్ ఎక్సెప్షన్ విసిరి పని ఆపేస్తుంది.

ఈ సవరణని గమనించి చూడాలి. వాళ్ళు కొత్త తనిఖీలేవీ చేర్చలేదు. రద్దు అనేది ఎక్కడ చెల్లుతుందో ముందుగా చెప్పమన్నారు, అంతే. ఈనాటి ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనైనా ఇది పనికొచ్చే పద్ధతే. ‘రద్దు నొక్కితే వాలిడేషన్ వద్దు’ అన్న నిర్ణయం, ‘రద్దు నొక్కితే సేవ్ వద్దు’ అన్న నిర్ణయం రెండూ ఒకే చోట ఉండాలి. ఒకటి ఫ్రేమ్‌వర్క్ చేతిలో, రెండోది డెవలపర్ జ్ఞాపకశక్తి మీద ఆధారపడితే మధ్యలో సందు తప్పదు.

స్ట్రట్స్ తర్వాత వచ్చినవి, పక్కన పెరిగినవి కూడా ఈ ప్రశ్నకి తలా ఒక జవాబు చెప్పాయి. మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫారమ్స్‌లో బటన్‌కి ‘కాజెస్ వాలిడేషన్’ అనే గుణం ఉండేది, రద్దు బటన్‌కి దాన్ని ‘ఫాల్స్’ చేయాలి. అపాచీ వికెట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో బటన్‌కి ‘డిఫాల్ట్ ఫారం ప్రాసెసింగ్’ తీసేస్తారు. అప్పుడు వాలిడేషన్‌తో పాటు డేటాని మోడల్‌లోకి (అప్లికేషన్ దగ్గరుండే అసలు వివరాల్లోకి) ఎక్కించడమూ ఆగిపోతుంది. పైన చెప్పిన రెండు నిర్ణయాలూ ఒకే మీటతో కదులుతాయి కాబట్టి వీటన్నిటిలో ఇదే మెరుగైన ఆలోచన.

జేఎస్‌ఎఫ్ అనే మరో జావా ఫ్రేమ్‌వర్క్‌లో ‘ఇమ్మీడియట్’ అనే గుణం ఉంది. అక్కడ ప్రతి రిక్వెస్టూ ఆరు దశలు దాటుతుంది. ఇమ్మీడియట్ పెట్టిన బటన్ యాక్షన్ రెండో దశలోనే నడిచి, వాలిడేషన్, మోడల్ మార్పు దశలను తప్పించుకుంటుంది. వినడానికి బాగుంది. కానీ ఆ రెండో దశలోనే మనిషి టైప్ చేసిన అక్షరాలు ఆయా గడుల కాంపోనెంట్లలోకి చేరిపోయి ఉంటాయి. మామూలుగా అయితే తర్వాతి దశలు వాటిని వాడుకుని తుడిచేస్తాయి. రద్దు వల్ల ఆ దశలు రాలేదు కాబట్టి అవి అలాగే మిగిలిపోతాయి. రద్దు చేశాక అదే పేజీ మళ్ళీ తెరుచుకుంటే, వద్దనుకున్న చిరునామా గడుల్లో చెక్కుచెదరకుండా కనబడుతుంది. దీనికి పరిష్కారంగా 2013లో జేఎస్‌ఎఫ్ 2.2లో గడుల విలువలు తుడిచే సదుపాయం చేర్చారు. వికెట్‌లోనూ టైప్ చేసిన ముడి అక్షరాలను తుడిచే ఫంక్షన్‌ని విడిగా పిలవాలి. తనిఖీ ఆపడం రద్దులో సగం పనే, మిగిలిన సగం శుభ్రం చేయడం.

రద్దు చేశాక ఏం మిగిలింది?

కాబట్టి రద్దు కోడ్ రాసే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఫారం తెరిచినప్పటి నుంచి ఇప్పటి దాకా ఎక్కడెక్కడ ఏం పోగుపడింది? చిరునామా ఫారంలో చాలాసార్లు జవాబు ‘ఏమీ లేదు’. అలాంటప్పుడు రద్దుని బటన్‌గా కాకుండా, వెనకటి పేజీకి తీసుకెళ్ళే మామూలు లింకుగా పెట్టడం అన్నిటికంటే మంచిది. లింకుకి వాలిడేషన్ గొడవ లేదు, ఎంటర్ గొడవ లేదు, జావాస్క్రిప్ట్ లోడ్ కాకపోయినా పనిచేస్తుంది.

కానీ కొన్ని ఫారాలు నడుస్తుండగానే సర్వర్‌లో గుర్తులు వదులుతాయి. టికెట్ బుకింగ్‌లో సీటు కొద్దిసేపు లాక్ అవుతుంది. దరఖాస్తు ఫారంలో ఫొటో ఎంచుకోగానే అది అప్‌లోడ్ అయిపోతుంది. వీటిని లింకు తుడవలేదు, తుడవకూడదు కూడా. లింకు పంపేది గెట్ రిక్వెస్ట్ (పేజీ చూపించమని అడిగేది), అది దేన్నీ మార్చకూడదన్నది వెబ్ మొదటి నియమాల్లో ఒకటి. బ్రౌజర్లూ సెర్చ్ ఇంజిన్లూ లింకులను తమంతట తామే తెరుస్తుంటాయి కాబట్టి ఆ నియమం ఉత్త మర్యాద కోసం పెట్టింది కాదు. అలాంటి చోట రద్దు కూడా, మార్పు చేయమని చెప్పే పోస్ట్ రిక్వెస్ట్‌గానే వెళ్ళాలి. సేవ్‌కి ఉన్నట్టే దానికీ సొంత వెబ్ చిరునామా, సొంత భద్రతా టోకెన్ ఉండాలి. పని అయ్యాక 303 కోడ్‌తో వేరే పేజీకి పంపాలి, లేకపోతే రిఫ్రెష్ నొక్కినప్పుడల్లా బ్రౌజర్ ‘మళ్ళీ పంపాలా’ అని అడుగుతుంది. బ్రౌజర్‌లో తనిఖీ అడ్డుపడకుండా ఆ బటన్‌కి ‘ఫారం నోవాలిడేట్’ అనే గుణం పెడితే చాలు. అది బ్రౌజర్‌కి మాత్రమే చెప్పే మాటని గుర్తుంచుకోవాలి. సర్వర్ తన నిర్ణయం తాను తీసుకోవాలి.

ఇంత చేసినా అందరూ రద్దు నొక్కి వెళతారని అనుకోవడానికి లేదు. ట్యాబ్ మూసేస్తారు, ఫోన్‌లో యాప్‌ని పక్కకి తోసేస్తారు, కరెంటు పోతుంది. సీటు లాక్‌కి గడువు పెట్టడం, అనాథగా మిగిలిన ఫైళ్ళను రాత్రిపూట ఏరిపారేయడం తప్పనిసరి. ఆ గడువు సరిగ్గా ఉంటే రద్దు బటన్ పని ‘త్వరగా విడుదల చేయడం’ వరకే.

బ్రౌజర్ లోపల పోగుపడేవి వేరు. రియాక్ట్, వ్యూ లాంటి జావాస్క్రిప్ట్ సాధనాల్లో రద్దు తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. జాబితాలో ఒక వరసని ఎడిట్ చేసే ఫారం ఉందనుకుందాం. వ్యూలో ఆ వరస ఆబ్జెక్టునే నేరుగా ఫారం గడులకు కట్టేస్తే, టైప్ చేస్తుండగానే వెనకాల జాబితాలో పేరు మారిపోతూ కనిపిస్తుంది. రద్దు నొక్కితే ఫారం మూసుకుంటుంది గానీ మారిన పేరు అలాగే ఉంటుంది, అసలు విలువ ఎక్కడా దాచలేదు కాబట్టి. ఫారానికి ఎప్పుడూ ఒక నకలు ఇవ్వాలి. సేవ్ చేస్తే నకలు అసలు స్థానంలోకి వెళుతుంది, రద్దు చేస్తే నకలుని పారేస్తారు. నకలు తీయడంలోనూ జాగ్రత్త కావాలి. పై పొర మాత్రమే కాపీ చేస్తే లోపలున్న చిరునామా ఆబ్జెక్టు రెండింటికీ ఉమ్మడిగా మిగులుతుంది. పేరు వెనక్కి వస్తుంది, పిన్‌కోడ్ రాదు. ఇలాంటి తప్పు పట్టుకోవడానికి రోజులు పడుతుంది.

రియాక్ట్‌లో ఇంకో అలవాటు ఉంది. ఫారం సబ్మిట్ ఈవెంట్‌ని వదిలేసి సేవ్ బటన్ క్లిక్ ఈవెంట్‌లో కోడ్ రాస్తారు. ఎంటర్ నొక్కినా బ్రౌజర్ ఆ బటన్‌నే నొక్కుతుంది కాబట్టి పని జరుగుతున్నట్టే అనిపిస్తుంది. అయితే క్లిక్ ఈవెంట్ బ్రౌజర్ తనిఖీల కంటే ముందు వస్తుంది. పిన్‌కోడ్ ఖాళీ అని బ్రౌజర్ చెప్పేలోపే డేటా సర్వర్‌కి వెళ్ళిపోతుంది. సబ్మిట్ పనిని సబ్మిట్ ఈవెంట్‌లోనే, మొదటి వరసలో ‘ప్రివెంట్ డిఫాల్ట్’ (బ్రౌజర్ అలవాటు పనిని ఆపే ఫంక్షన్) పిలిచి చేయాలి. 2024 డిసెంబరులో వచ్చిన రియాక్ట్ 19లో ఫారం యాక్షన్‌గా నేరుగా ఒక ఫంక్షన్ ఇవ్వవచ్చు, ప్రివెంట్ డిఫాల్ట్ అవసరం లేదు. కాకపోతే ఆ ఫంక్షన్ పూర్తవగానే, రియాక్ట్ స్టేట్‌కి (రియాక్ట్ తాను గుర్తుంచుకునే విలువలకు) కట్టని గడులన్నీ వాటంతటవే మొదటి విలువలకు వెళ్ళిపోతాయి. ‘పిన్‌కోడ్ తప్పు’ అనే సందేశాన్ని ఫలితంగా తిరిగి ఇచ్చినా అది పూర్తయినట్టే లెక్క. మనిషి టైప్ చేసినదంతా పోతుంది. తప్పు సందేశంతో పాటు టైప్ చేసిన విలువలనూ తిరిగి ఇచ్చి, వాటినే గడుల మొదటి విలువలుగా పెట్టాలి.

పంపేశాక రద్దు

సేవ్ నొక్కారు. చక్రం తిరుగుతోంది. నెట్ నెమ్మదిగా ఉంది. అప్పుడు రద్దు నొక్కితే ఏమిటి అర్థం?

చాలా కోడ్‌లో దీనికి ‘అబార్ట్ కంట్రోలర్’ వాడతారు. జావాస్క్రిప్ట్ పంపే ఫెచ్ రిక్వెస్ట్‌ని మధ్యలో తెంపే సాధనం ఇది, 2019 నాటికి ముఖ్యమైన బ్రౌజర్లలోకి వచ్చింది. సెర్చ్ పెట్టెలో పాత వెతుకులాటని ఆపడానికి ఇది చక్కగా పనికొస్తుంది. సేవ్‌కి మాత్రం దీన్ని నమ్మకూడదు. అబార్ట్ చేస్తే ఆగేది బ్రౌజర్ ఎదురుచూపు. రిక్వెస్ట్ అప్పటికే సర్వర్‌కి చేరి ఉంటే సర్వర్ తన పని తాను పూర్తి చేస్తుంది, డబ్బు కట్ అవుతుంది, వరస డేటాబేస్‌లోకి ఎక్కుతుంది. పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరం లాంటిదే ఇది. డబ్బా దగ్గర నుంచి మనం వెళ్ళిపోయినంత మాత్రాన ఉత్తరం ఆగదు.

తెర మీద ‘రద్దయింది’ అని చూపించి, వెనకాల పని పూర్తయితే అంతకంటే పెద్ద అబద్ధం ఒక సాఫ్ట్‌వేర్ చెప్పలేదు. డబ్బు విషయంలో అయితే మనుషులకు ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. నిజాయితీగా చేయాలంటే, పంపేశాక రద్దు బటన్‌ని తీసేయాలి, లేదా రద్దు తర్వాత సర్వర్‌ని ‘ఏమైంది?’ అని అడిగి అసలు స్థితి చూపించాలి. దీనికి తోడుగా, ప్రతి సబ్మిట్‌కీ బ్రౌజర్ ఒక ప్రత్యేక సంఖ్య తయారుచేసి పంపితే, మనిషి కంగారులో మళ్ళీ నొక్కినా అదే సంఖ్య చూసి సర్వర్ రెండోసారి డబ్బు తీసుకోకుండా ఆగగలదు. ఆన్‌లైన్ చెల్లింపుల్లో బాగా పాతుకుపోయిన పద్ధతి ఇది. అబార్ట్ చేసినప్పుడు వచ్చే ఎర్రర్‌ని ‘నెట్‌వర్క్ లోపం’ అని చూపించకపోవడం చిన్న విషయమే గానీ, తరచూ మర్చిపోయేది.

ఎస్కేప్ కీ, డైలాగ్, క్యాన్సిల్ ఈవెంట్

హెచ్‌టీఎంఎల్‌లో నిజంగానే ‘క్యాన్సిల్’ అనే పేరుతో ఒక ఈవెంట్ ఉంది. పేజీ మీద చిన్న కిటికీలా తెరుచుకునే డైలాగ్ ఎలిమెంట్‌ని మోడల్‌గా (వెనక పేజీని ముట్టుకోనివ్వకుండా) తెరిచి ఎస్కేప్ నొక్కితే ముందు క్యాన్సిల్, ఆ తర్వాత క్లోజ్ ఈవెంట్లు వస్తాయి. డైలాగ్ ఎలిమెంట్ క్రోమ్‌లో 2014లోనే ఉన్నా, ఫైర్‌ఫాక్స్, సఫారీల్లోకి 2022 మార్చిలో వచ్చింది. క్యాన్సిల్ దశలో ప్రివెంట్ డిఫాల్ట్ పిలిచి ‘మార్పులు సేవ్ కాలేదు, వెళ్ళిపోవాలా?’ అని అడగవచ్చు. అయితే మనిషిని డైలాగ్‌లో బంధించకుండా ఉండేందుకు క్రోమ్ మళ్ళీ మళ్ళీ ఆపనివ్వదు. మధ్యలో ఏమీ ముట్టుకోకుండా రెండోసారి ఎస్కేప్ నొక్కితే మూసేస్తుంది. అది సరైన నిర్ణయం.

డైలాగ్ లోపల ఫారం పద్ధతిని ‘డైలాగ్’ అని పెడితే, సబ్మిట్ చేసినప్పుడు సర్వర్‌కి ఏమీ వెళ్ళదు. డైలాగ్ మూసుకుని, నొక్కిన బటన్ విలువ దాని ఫలితంగా మిగులుతుంది. చాలా హాయైన సదుపాయం. కానీ తప్పనిసరి గడుల తనిఖీ ఇక్కడ కూడా జరుగుతుంది. కాబట్టి మన పిన్‌కోడ్ గొడవ ఇక్కడా తిరిగొస్తుంది, రద్దు బటన్‌కి ఇక్కడా ఫారం నోవాలిడేట్ కావాలి.

ఇక అరుదుగా కనిపించే ఉచ్చు ఒకటి. ఫైల్ ఎంచుకునే గడికి కూడా క్యాన్సిల్ ఈవెంట్ ఉంది. ఫైల్ కిటికీ తెరిచి ఏమీ ఎంచుకోకుండా మూసేస్తే అది వస్తుంది. డైలాగ్ క్యాన్సిల్ పైకి పాకదు గానీ ఫైల్ గడి క్యాన్సిల్ పైకి పాకుతుంది, అంటే ఆ గడి చుట్టూ ఉన్న ఎలిమెంట్లకూ చేరుతుంది. డైలాగ్ లోపల ఫొటో గడి ఉండి, డైలాగ్‌కి పెట్టిన హ్యాండ్లర్ క్యాన్సిల్ రాగానే ఫారం మూసేసేలా రాసి ఉంటే, ఫొటో కిటికీ మూసిన మనిషికి మొత్తం ఫారమే మాయమవుతుంది. ఈవెంట్ పుట్టిన చోటు డైలాగేనా అని ఒక్క వరసలో చూసుకుంటే సరిపోతుంది.

ట్యాబ్ మూసేటప్పుడు హెచ్చరించే ‘బిఫోర్ అన్‌లోడ్’ ఈవెంట్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. అందులో సొంత సందేశం రాసినా బ్రౌజర్లు ఇప్పుడు చూపించవు, తమ మామూలు వాక్యమే చూపిస్తాయి. ఫోన్లలో అది రావడమే అనుమానం. అందుకని చాలామంది డ్రాఫ్ట్‌ని బ్రౌజర్ లోకల్ స్టోరేజిలో (ట్యాబ్ మూసినా ఆ కంప్యూటర్‌లోనే మిగిలే చోట) దాస్తుంటారు. సొంత ల్యాప్‌టాప్‌లో అది వరమే. నెట్ సెంటర్‌లోనో, మీసేవ కేంద్రంలోనో ఒకే కంప్యూటర్ మీద రోజుకి ఎందరివో దరఖాస్తులు నింపుతారు. అక్కడ రద్దు చేసిన ఫారంలోని ఆధార్ నంబరు తర్వాతి మనిషి ఫారంలో ప్రత్యక్షం కాకూడదు. రద్దు నొక్కగానే డ్రాఫ్ట్ చెరగాలి. ట్యాబ్ మూయగానే పోయే సెషన్ స్టోరేజి వాడటం ఇంకా క్షేమం.

తెలుగులో టైప్ చేసేవాళ్ళ ఎంటర్

ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు పొందే కీబోర్డుల్లో, మాట పూర్తయ్యే ముందు అది ఇంకా తేలని స్థితిలో, కింద గీతతో కనిపిస్తుంది. సూచనల్లోంచి సరైన మాట ఎంచుకోవడానికి చాలామంది ఎంటర్ నొక్కుతారు, వద్దనుకుంటే ఎస్కేప్ నొక్కుతారు. అంటే ఆ క్షణంలో ఎంటర్ సబ్మిట్ కాదు, ఎస్కేప్ రద్దు కాదు. రెండూ కీబోర్డుతో మాట్లాడే మాటలు. బ్రౌజర్ సొంత ఫారం ఈ తేడా గుర్తిస్తుంది. డెవలపర్ స్వయంగా, కీ నొక్కగానే వచ్చే కీడౌన్ ఈవెంట్‌లో ‘ఎంటర్ అయితే పంపు’ అని రాసుకున్న చాట్ పెట్టెలు, కామెంటు పెట్టెలు గుర్తించవు. ‘రామచంద్రపురం’ అని పూర్తిచేయబోతుంటే ‘రామచ’ దగ్గరే సందేశం వెళ్ళిపోతుంది. ఈవెంట్‌లో ఉండే ‘ఈజ్ కంపోజింగ్’ గుర్తు చూసి ఆ ఎంటర్‌ని వదిలేయాలి. సఫారీలో ఈ గుర్తు కాస్త తొందరగా తీసేస్తారు కాబట్టి అక్కడ కీకోడ్ 229 (మాట ఇంకా తేలలేదని చెప్పే సంకేతం) కూడా చూడాలి. ఈ కష్టం జపనీస్, చైనీస్ డెవలపర్లకు ఎప్పటి నుంచో తెలుసు. తెలుగు సైట్లు కట్టేవాళ్ళు తామే ఇంగ్లిష్‌లో టైప్ చేసి పరీక్షించడం వల్ల ఇది దాగిపోతుంది.

చివరగా బటన్ మీద రాసే మాట. ఇంగ్లిష్ క్యాన్సిల్‌కి తెలుగు సైట్లలో ‘రద్దు చేయి’ అని పెడతారు. ఫారం మూసేయడానికీ, టికెట్ రద్దుకీ అదే మాట. ‘మీ టికెట్ రద్దు చేయాలా?’ అని అడిగి, కింద ‘రద్దు చేయి’, ‘సరే’ అని రెండు బటన్లు పెడితే ఏది నొక్కాలి? ‘రద్దు చేయి’ అంటే టికెట్‌ని రద్దు చేయమనా, ఈ రద్దు ప్రయత్నాన్ని రద్దు చేయమనా? కోడ్ ఎంత సరిగ్గా రాసినా ఇక్కడ మనిషి తప్పు బటనే నొక్కుతాడు. ‘టికెట్ రద్దు చేయండి’, ‘వద్దు, టికెట్ ఉంచండి’ అని రాస్తే ఏ బటన్ ఏం చేస్తుందో చదివిన వెంటనే తెలుస్తుంది. చిరునామా ఫారంలోనూ ‘రద్దు’ బదులు ‘మార్చకుండా వెనక్కి’ అని పెట్టవచ్చు. అలా పెట్టాక, ఆ బటన్‌కి టైప్ ఏమివ్వాలి, ఏ దారిలో పంపాలి అన్న ప్రశ్నలకు డెవలపర్ పెద్దగా తడుముకోడు.